ఎన్నో రోజు పుండు?

(మా మేష్టారి స్మారకసభలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడ సవరించాను.)



మేష్టారి పేరు ఈ హాలు గుమ్మం మీద ఉంది, మీ చేతుల్లోని ఆహ్వానపత్రం మీదా ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ ఆయన్ని మేష్టారనే అంటాను. ముప్పై ఏళ్ళు అలాగే పిలిచాను. పోయారు కదా అని ఇప్పుడు పేరుపెట్టి పిలిచేంత చనువు నాకు రాలేదు.

నిర్వాహకులు ఫోన్ చేసి విషయమేమిటని అడిగితే, "మగవాళ్ళ జననాంగాల మీద వచ్చే పుండ్లు, వాటి కారణాలు కనిపెట్టడం" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత నెమ్మదిగా "సభకి ఆడవాళ్ళు కూడా వస్తారండీ" అన్నారు. వస్తే మంచిదే. పుండు మగవాడికి పుట్టినా దాని బాకీ ఇంట్లో ఆడమనిషి కూడా కడుతుంది. అయినా మేష్టారు నలభై ఏళ్ళు చేసిన పని ఇదే. ఆయన సభలో నిలబడి గుండెజబ్బుల గురించి మాట్లాడితే అది ఇంకెవరి సభో అవుతుంది.

మా పెద్దాసుపత్రిలో అన్ని ఓపీలకీ బోర్డులుండేవి. సుఖవ్యాధుల గదికి బోర్డు లేదు, నంబరే. వరండా చివర, మరుగుదొడ్ల పక్కన. రోగులు మరుగుదొడ్డికి పోతున్నట్టే నడిచొచ్చి, ఆఖరి అడుగులో చటుక్కున ఇటు తిరిగేవారు. లోపలికొచ్చాక కూడా మొదట చెప్పేది తలనొప్పి, నీరసం. మేష్టారు తొందరపెట్టేవారు కాదు. తలనొప్పికే రెండు ప్రశ్నలు వేసి, తలుపు దగ్గరికి వేయించి, "ఇంకా?" అనేవారు. ఆ "ఇంకా" దగ్గర అసలు సంగతి బయటికొచ్చేది. అది కూడా "వేడి చేసింది బాబూ" అనే మాటతోనే. మన దగ్గర నడుంకింద ఏ మగవాడికి ఏమొచ్చినా మొదటి డయాగ్నసిస్ వేడి చెయ్యడమే.

హౌస్ సర్జన్‌గా ఆ గదిలో నా మొదటి వారం. చేపల రేవు నుంచి పాతికేళ్ళ కుర్రాడొకడు వచ్చాడు. అంగం మీద రూపాయి బిళ్ళంత పుండు. పచ్చి మాంసంలా ఎర్రగా, అంచులు కాస్త ఉబ్బి ఉంది. నొప్పి లేదన్నాడు. నొప్పి లేకపోతే సిఫిలిస్, ఉంటే షాంక్రాయిడ్ అని ముందురోజు రాత్రి బట్టీపట్టింది నాలిక మీదే ఉంది. పది సెకన్లలో "సిఫిలిస్ సార్" అనేశాను.

"ఎన్నో రోజు?" అన్నారు మేష్టారు.

నాకు అర్థం కాలేదు.

"పుండు ఎన్నో రోజయ్యా? అడిగావా?"

అడగలేదు. "తాకి చూశావా?" తాకలేదు. గ్లోవ్స్ ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. ఆయనే కుర్రాడి వైపు తిరిగి అడిగారు. "పండక్కి ముందొచ్చింది బాబూ" అన్నాడు వాడు. ఏ పండగ? సంక్రాంతి. అప్పుడు జూన్ నడుస్తోంది.

సిఫిలిస్ మొదటి పుండుకి ఒక గుణం ఉంది. మందు వేసినా వెయ్యకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. ఐదు నెలలపాటు మానకుండా, అంగుళం అంగుళం పాకుతూ కూర్చున్నది ఇంకేదో అయ్యుండాలి. మేష్టారు పుండు అంచు నుంచి గోటి మొనంత కండ తీసి, రెండు గాజుపలకల మధ్య నొక్కి, లీష్మన్ రంగు వేయించి, సూక్ష్మదర్శిని దగ్గరికి నన్ను లాక్కెళ్ళారు. పెద్ద కణం ఒకటి. దాని కడుపు నిండా చిన్న చిన్న మూసిన పిన్నీసులు. రెండు చివర్లూ ముదురు రంగు, మధ్య ఖాళీ. "నువ్వు సిఫిలిస్ అన్నది ఇదే" అన్నారు. అంతకుమించి తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదనిపించింది.

అది డోనోవనోసిస్. ఆ పిన్నీసుల్ని లోకంలో మొదట పట్టుకున్న మనిషి మనకి పొరుగునే, మద్రాసు జనరల్ హాస్పిటల్‌లో పనిచేశాడు. పేరు చార్లెస్ డోనోవన్. కలకత్తాలో పుట్టిన ఐరిష్ వైద్యుడు. కాలా అజార్ క్రిమిని 1903లో గుర్తించిన ఇద్దరిలో ఒకడు. ఆ క్రిమి పేరులో ఇప్పటికీ ఆయన పేరుంది. 1905లో ఆస్పత్రి వార్డు బాయ్ ఒకడి పుండు నుంచి తీసిన కండలో ఈ పిన్నీసులు చూశాడు. ఆ పుండు ఉన్నది నోట్లో. జననాంగాల జబ్బుగా పేరుపడ్డ దాని క్రిమి మొదట దొరికింది నోట్లోనన్న సంగతి మేష్టారు ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు. ఎందుకంటే ప్యాంటు విప్పించి, ఉన్న పుండు ఒక్కటీ చూసి, మళ్ళీ కట్టుకోమనడం మా అందరికీ అలవాటు. నోరు తెరిపించాలి, అరచేతులు తిప్పి చూడాలి, అరికాళ్ళు చూడాలి, వెనక్కి తిప్పి మలద్వారం చూడాలి. మగవాళ్ళతో సంబంధమున్న మగవాడికి సిఫిలిస్ పుండు అక్కడే పుట్టి, మొలలనో చీలిక అనో పేరు తెచ్చుకుని, చూసేవాడు లేక మానిపోతుంది. అలాంటి మనిషి నోరు విప్పాలంటే మన మొహం ఎలా ఉండాలో కూడా ఆలోచించండి. సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ని కుదించింది 2018 సెప్టెంబర్‌లో. అంతకు ముందు చాలా కాలం ఆ మనిషి డాక్టరుకి నిజం చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమే.

డోనోవన్ గురించి ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. ఆయనకి సీతాకోకచిలకలంటే ప్రాణం. ఉద్యోగం అయ్యాక ఐర్లాండు సీతాకోకచిలకల మీద ఏకంగా పుస్తకమే వేశాడు. రెక్కల మీద చుక్కలు లెక్కపెట్టే ఓపికున్నవాడికే పిన్నీసులు కనిపించాయని నాకు అనిపిస్తుంది.

అదే 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ సిఫిలిస్ క్రిమిని చూశారు. పల్చగా, మరమేకులా మెలికలు తిరిగి, రంగు పట్టని క్రిమి. మరుసటేడే దానికి వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. అంటే నూట ఇరవై ఏళ్ళ క్రితం దాకా వైద్యులకు ఉన్నవి కళ్ళూ వేళ్ళూ, వాటికి తోడు మొండితనం. ఆ మొండితనం ఎంత దూరం తీసుకెళ్ళిందో చెప్పే కథ జాన్ హంటర్‌ది. లండన్‌లో ఆయన్ని మించిన సర్జన్ లేడు. 1767లో సెగ జబ్బు, అంటే గనేరియా, ఉన్న రోగి చీము తీసి ఆరోగ్యవంతుడి అంగంలో ఎక్కించాడు. ఎక్కించుకున్నది తనకేనని కొందరు, ఇంకొకరికని కొందరు ఈరోజుకీ వాదించుకుంటారు. మొదట సెగ, తరవాత సిఫిలిస్ పుండు రెండూ వచ్చాయి. ఇంకేం, రెండూ ఒకటే జబ్బని తేల్చేశాడు. చీము ఇచ్చిన రోగికి రెండు జబ్బులూ ఉండి ఉంటాయన్న ఆలోచన రాలేదు. ఆయన పెద్దమనిషి కాబట్టి ఆ పొరపాటు డెబ్బై ఏళ్ళు బతికింది. 1838లో ఫ్రాన్సులో రికార్ ఆ రెంటినీ విడదీశాడు. సిఫిలిస్ గట్టి పుండు వేరు, షాంక్రాయిడ్ మెత్త పుండు వేరని బాసెరో 1852లో చెప్పాడు. 1889లో నేపుల్స్‌లో డ్యూక్రే షాంక్రాయిడ్ రోగుల చీమునే తీసి వాళ్ళ ముంజేతి చర్మం మీద మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తూ పోయి, చివరికి మిగిలిన ఒకే ఒక్క క్రిమిని పట్టుకున్నాడు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందు పెట్టినా నిలవని పని. క్రిమి మాత్రం దొరికింది.

మన పెద్దవాళ్ళు కూడా ఈ జబ్బుల్ని గుడ్డిగా ఒక గంపకెత్తలేదు. మా అమ్మమ్మ తరం నోట సెగ వేరు, సవాయి అనే సిఫిలిస్ వేరు. కొరుకు అనేది తినేసే పుండుకి. గజ్జల్లో బిళ్ళ కట్టి చీముపడితే అడ్డగర్ర. పదహారో శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో ఫిరంగ రోగమని కొత్త పేరు కనబడుతుంది. ఫిరంగులంటే పోర్చుగీసువాళ్ళు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. జబ్బు ఎవరితో వచ్చిందో పేరులోనే రాసిపెట్టారు. దానికి వాడిన చెక్క పరంగి చెక్క. నేపుల్స్‌వాళ్ళు దాన్ని ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ జబ్బన్నారు. ఈ పుండు తమ ఊళ్ళోనే పుట్టిందని ఒప్పుకున్న దేశం ఏదీ లేదు. మా గదికొచ్చే రోగి కూడా అంతే. ఏదో ఊరు పనిమీద వెళ్ళినప్పుడు లాడ్జిలో దుప్పటి బాగోలేదంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కంటితో చూసి పుండు కారణం చెప్పగలమా?

పుస్తకం చెప్పే బొమ్మలు మనందరికీ వచ్చు. సిఫిలిస్ అయితే ఒకటే పుండు, నొప్పి ఉండదు, అడుగు శుభ్రంగా, వేళ్ళ మధ్య పట్టుకుంటే చొక్కా గుండీలా గట్టిగా తగులుతుంది. షాంక్రాయిడ్ అయితే లోతుగా, అంచుల కింద తొలిచినట్టు, చీముతో, ముట్టుకుంటే రోగి మంచం మీంచి లేస్తాడు. హెర్పిస్ అయితే గుత్తిగా నీటిపొక్కులు, అవి చితికి పైపైన చిన్న చిన్న పుండ్లు. ఈ బొమ్మలు ఎంతవరకు నమ్మదగినవో న్యూ ఆర్లీన్స్ నగరంలో డికార్లో, మార్టిన్ అనే ఇద్దరు వైద్యులు లెక్కకట్టి 1997లో అచ్చువేశారు. పుండ్లతో వచ్చిన 446 మంది మగవాళ్ళని చూసి, ప్రయోగశాల ఫలితాలతో పోల్చారు. సిఫిలిస్ ఉన్నవాళ్ళలో పుస్తకంలో రాసినట్టు పుండు ఉన్నది నూటికి 31 మందికే. షాంక్రాయిడ్‌లో 34. హెర్పిస్‌లో 35. అంటే ప్రతి మూడు పుండ్లలో రెండు పుస్తకం చదవని పుండ్లు.

అయితే ఆ లెక్కకి రెండో వైపు కూడా ఉంది. సిఫిలిస్ లేనివాళ్ళలో అచ్చంగా ఆ బొమ్మ కనబడింది నూటికి ఇద్దరికే. కాబట్టి గుండీ లాంటి గట్టి, నొప్పిలేని, శుభ్రమైన పుండు వేలికి తగిలితే నమ్మొచ్చు. తగలకపోతే మాత్రం "సిఫిలిస్ కాదు" అనడానికి మీకు హక్కు లేదు. మేష్టారు ఆ వ్యాసం జిరాక్సు తీయించి గది గోడకి అంటించారు. నేను సిఫిలిస్ అన్న రోజు గుర్తుకొచ్చి, పీజీలకు చూపిస్తూ నా వైపు చూసి నవ్వేవారు. గజ్జల్లో బిళ్ళలున్నాయా లేవా అన్నది కూడా జబ్బు విడదీయడానికి పెద్దగా పనికిరాలేదని అందులోనే ఉంది. అంతకు ముందు పరీక్షల్లో బిళ్ళల మీద నేను రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను.

కన్ను అంత నమ్మకం కానప్పుడు మేష్టారికి మిగిలినవి వేలూ, క్యాలెండరూ.

వేలి సంగతి ముందు. ముందుచర్మం లోపలి వైపు సిఫిలిస్ పుండు ఉంటే, చర్మం వెనక్కి తీసేటప్పుడు అది మెల్లగా మడతపడదు. గట్టి అట్టముక్కలా నిలబడి, ఒక్కసారిగా తలుపు రెక్క తిరిగినట్టు టప్పున తిరగబడుతుంది. ఒకసారి వేలికి తెలిస్తే జన్మలో మర్చిపోరు. అది ఫోటోలో కనబడదు. ఇప్పుడు వాట్సాప్‌లో పుండు ఫోటో పెట్టి "ఏంటి సార్ ఇది" అని అడిగే కుర్రాళ్ళకి, జవాబిచ్చే మా కుర్ర డాక్టర్లకి ఈ మాట గట్టిగా వినబడాలి.

క్యాలెండర్ సంగతి ఇంకా పెద్దది. "ఎన్నో రోజు?" అన్న ప్రశ్న ఆయన నోట రెండుగా విడిపోయేది. కలిసిన రోజుకీ పుండు కనబడ్డ రోజుకీ మధ్య ఎన్ని రోజులు? పుండు కనబడి ఇవాళ్టికి ఎన్ని రోజులు? షాంక్రాయిడ్ వారంలోపు బయటపడుతుంది. హెర్పిస్ మొదటిసారైతే రెండు నుంచి పన్నెండు రోజులు. సిఫిలిస్ సగటున మూడు వారాలు, కానీ తొమ్మిది రోజులకీ రావచ్చు, తొంభై రోజులకీ రావచ్చు. ఆదివారం కలిసి మంగళవారం పుండుతో వచ్చినవాడికి సిఫిలిస్ అంటగట్టకూడదు. అంతకు ముందు నెల సంగతి అడగాలి.

రెండో లెక్క ఇంకా ముఖ్యం, ఎందుకంటే రక్తపరీక్ష దాని మీదే నడుస్తుంది. పుండు పుట్టిన మొదటి రోజుల్లో వీడీఆర్ఎల్ చేస్తే, సిఫిలిస్ ఉన్నా నలుగురైదుగురిలో ఒకరికి నెగటివ్ వస్తుంది. కాగితం మీద "నాన్ రియాక్టివ్" అని చూసి, జేబులో పెట్టుకుని, ఇంటికెళ్ళి భార్యకి చూపించినవాణ్ణి నేను ఎరుగుదును. పుండు మానింది. కాగితమూ బావుంది. రెండు నెలల తరవాత అరచేతుల్లో రాగిరంగు మచ్చలతో వచ్చాడు. అప్పటికి భార్యకి నాలుగో నెల. పుండు దానంతటదే మానిపోవడమనే గుణం ఈ జబ్బు చేసే పెద్ద మోసం. మందులషాపు వాడిచ్చిన ఆయింట్‌మెంటుకి పేరొస్తుంది, నాటువైద్యుడి పసరుకి పేరొస్తుంది, మొక్కుకున్న దేవుడికి పేరొస్తుంది. క్రిమి మాత్రం రక్తంలో నిక్షేపంగా ఉంటుంది.

పూర్వం ఈ ఖాళీ రోజుల్ని డార్క్ గ్రౌండ్ సూక్ష్మదర్శిని పూడ్చేది. పుండుని సెలైన్‌తో తుడిచి, నొక్కితే ఊరే పల్చటి నీరు పలక మీదికి తీసుకుని, చీకటి తెర మీద చూస్తే తెల్లటి మెలికలు ఈదుతుంటాయి. మేష్టారికి అది రోజూ పొద్దున్నే పూజ లాంటిది. కానీ పుండు మీద అంతకు ముందే ఏదైనా పూసి ఉంటే ఏమీ కనబడదు. మా రోగులు పూయని వస్తువు లేదు. పసుపు, సున్నం, నీళ్ళు కలపని డెట్టాలు, స్టీరాయిడూ యాంటీబయాటిక్కూ ఫంగస్ మందూ మూడూ కలిపిన ట్యూబు. కొందరికి అసలు పుండు మాని, పూసినదాని వల్ల పుట్టిన కాలిన పుండే మిగిలేది. దానికి డయాగ్నసిస్ చెప్పాలంటే ముందు వంటింటి జాబితా అడగాలి. ఇప్పుడు పీసీఆర్ వచ్చింది. ఒక్క దూదిపుల్లతో హెర్పిస్, సిఫిలిస్, షాంక్రాయిడ్ మూడూ తేల్చగలదు. అది ఉన్న చోట మా డార్క్ గ్రౌండ్ మూల పడటం న్యాయమే. అది లేని చోట కూడా మూల పడింది, నా బాధ అక్కడ.

అన్ని పుండ్లూ సుఖవ్యాధులు కావన్న మాటకి వస్తున్నాను. ఈ ఉపన్యాసం నేను ఒప్పుకున్నది ముఖ్యంగా ఒక బస్సు కండక్టర్ కథ చెప్పడానికి.

భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే భార్యే అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది, ఆమె అన్నదమ్ములిద్దరు వరండాలో నిలబడ్డారు. రెండేళ్ళలో మూడోసారి పుండు. మొదటిసారి ఒక డాక్టరు సిఫిలిస్ అని పెన్సిలిన్ సూది పొడిచాడు. రెండోసారి ఇంకొకరు హెర్పిస్ అన్నారు. రెండుసార్లూ ఆమె పుట్టింటికి వెళ్ళింది. ఈసారి వెళ్తే తిరిగి రానని చెప్పి, ఆఖరి మాటగా ఇక్కడికి తెచ్చింది. అతను ఏ దేవుడి మీద ఒట్టు పెట్టినా నమ్మే స్థితిలో ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే నేనూ లేను.

మేష్టారు మామూలుగానే "ఎన్నో రోజు?" అన్నారు. మూడో రోజు. చూశారు. అంగం కొసన గుండ్రటి పుండు, చుట్టూ ఊదారంగు నలుపు. "ఇదివరకు రెండుసార్లూ ఎక్కడ?" సరిగ్గా ఇక్కడే. వెంట్రుకవాసి తేడా లేదు. మానాక నల్లమచ్చ ఉండిపోతుందా? ఉండిపోతుంది. అప్పుడు ఎవరూ అడగని ప్రశ్న వేశారు. "పుండుకి ముందురోజు ఏం తిన్నావు?" పెళ్ళిభోజనం. "తరవాత?" విరేచనాలు. "దానికి?" మందులషాపులో బిళ్ళలు తీసుకున్నాడు. ఆ షాపు చీటీ భార్య చేతిసంచిలోనే ఉంది. నార్ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన బిళ్ళ. మొదటిసారి పుండుకి ముందు? ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆమే చెప్పింది, మా ఆడపడుచు పెళ్ళప్పుడు అని.

కొందరికి కొన్ని మందులు పడవు. పడనప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు రావడం మనకి తెలుసు. ఈ రకంలో మాత్రం చర్మం మీద ఒకటో రెండో చోట్లే పొక్కి పుండు పడుతుంది. అదే మందు మళ్ళీ మింగితే గంటల్లో మళ్ళీ అక్కడే. పేరు కూడా అలాగే పెట్టారు, ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్. పెదవులూ, మగవాడి అంగం కొసా దానికి ఇష్టమైన చోట్లు. సల్ఫా మందులు, నొప్పి బిళ్ళలు, విరేచనాల బిళ్ళలు, ఫంగస్ బిళ్ళ, చివరికి సుఖవ్యాధులకి మేమిచ్చే డాక్సీసైక్లిన్ కూడా దీన్ని తెప్పించగలవు. హెర్పిస్ కూడా ఒకే చోట తిరిగి తిరిగి వస్తుంది, నిజమే. కానీ దానికి ముందు చురచుర, పొక్కుల గుత్తి ఉంటాయి. దీనికి ముందు బిళ్ళ ఉంటుంది. మేష్టారు సూది పొడవలేదు. వీడీఆర్ఎల్, హెచ్ఐవీ పరీక్షలు మాత్రం రాశారు, అనుమానం తీరాలి కదా. ఒక కార్డు మీద ఆ మందుల పేర్లు తెలుగులో రాసి, ఇవి ఈయనకి జన్మలో ఇవ్వకూడదని సంతకం చేసి, కార్డు భార్య చేతికిచ్చారు. తరవాత మాకు తెలిసినంతవరకు పుండు రాలేదు. అన్నదమ్ములు వరండాలోంచి ఎప్పుడు వెళ్ళిపోయారో నేను చూడలేదు.

హెర్పిస్ పేరు తల్చాను కాబట్టి ఇంకో కాపురాల సంగతి. ఆ వైరస్ ఒంట్లోకి వచ్చాక వెన్నుపూస కింది నరాల ముడుల్లో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. మొదటిసారి పుండు పడటమూ, మొదటిసారి అంటుకోవడమూ ఒకే నెలలో జరగాలని లేదు. ఇవాళ పొక్కులు కనబడ్డాయని నిన్న ఎవరి దగ్గరికి వెళ్ళావని నిలదీయడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. మన కోర్టులకీ, కుల పంచాయతీలకీ ఈ ఒక్క ముక్క చేరినా మేలే.

మిగతావి త్వరగా చెబుతాను. ముందుచర్మం అంచున చీలికలు, తెల్లటి పూత, దురద ఉంటే రక్తంలో చక్కెర చూడండి. షుగరుందని అక్కడే మొదట తెలిసిన మగవాళ్ళు మన జిల్లాల్లో తక్కువేం కాదు. ఇప్పుడు షుగరుకి విరివిగా ఇస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ జాతి బిళ్ళలు చక్కెరని మూత్రంలోకి తోస్తాయి, దాంతో ఈ ఫంగస్ ఇంకా ఎక్కువ. నోట్లో మాటిమాటికీ పూత, వృషణాల తిత్తి మీద మచ్చ మిగిల్చే పుండ్లు, కళ్ళు ఎర్రబడటం కలిస్తే, ఇస్తాంబుల్ డాక్టరు బెహ్‌చెత్ 1937లో వర్ణించిన జబ్బు గుర్తుకు రావాలి. 2022 నుంచి ఎంపాక్స్ కూడా జాబితాలో చేరింది. ఇక యాభై దాటినవాడి పుండు మందులకి లొంగక, మొరటుగా పెరుగుతుంటే ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే. అది క్యాన్సర్ కావచ్చు. తిరగేసి కూడా చెప్పాలి: డోనోవనోసిస్ ముదిరితే అచ్చం క్యాన్సర్‌లాగే కనబడుతుంది. ఒకదానికి అంగం తీసెయ్యాల్సి రావచ్చు, రెండోదానికి కొన్ని వారాల అజిత్రోమైసిన్ చాలు. ముక్క చూడకుండా కత్తి పట్టుకున్నవాణ్ణి మేష్టారు క్షమించేవారు కాదు.

ఇప్పుడు సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్షా క్లినిక్కులకి వెళ్తే రంగురంగుల కిట్లుంటాయి. పుండుకి తెల్ల కిట్టు: సిఫిలిస్‌కి బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల సూది, షాంక్రాయిడ్‌కి ఒక గ్రాము అజిత్రోమైసిన్. పొక్కులుంటే హెర్పిస్‌కి ఎర్ర కిట్టు. గజ్జల్లో బిళ్ళ కడితే నల్ల కిట్టు, 21 రోజుల డాక్సీసైక్లిన్. పేరు పెట్టకుండా లక్షణాన్ని బట్టి రెండు మూడు జబ్బులకి కలిపి మందివ్వడమన్న మాట. నాతోటి వాళ్ళలో చాలామంది దీన్ని ఏవగించుకుంటారు; ఇదేం వైద్యం, గుడ్డివాడి బాణం అంటారు. మేష్టారూ మొదట్లో చిరాకుపడ్డారు. తరవాత మాటమార్చారు. ఏజెన్సీ ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాణ్ణి రిపోర్టుకి గురువారం రమ్మంటే వాడు రాడు. ఆ గురువారం లోపు వాడు ఇంకెవరికైనా ఇస్తాడు కూడా. న్యూ ఆర్లీన్స్ లెక్క తెలిసినవాడు కిట్టుని వెక్కిరించలేడు. మూడింట రెండుసార్లు మన కన్ను బొమ్మని చూడలేకపోతే, రెంటికీ మందివ్వడమే నిజాయితీ. నా తగాదా కిట్టుతో కాదు, కిట్టు ఇచ్చేసి రక్తం తీయని వాళ్ళతో. మందు ఇప్పుడే ఇవ్వండి, రక్తమూ ఇప్పుడే తీయండి, మళ్ళీ మూడు నెలలకి తీయండి.

పెన్సిలిన్ రియాక్షన్ భయంతో ఆ సూది మానేసి బిళ్ళలతో సరిపెట్టే డాక్టర్లు పెరిగారు. సిఫిలిస్‌కి పెన్సిలిన్ మొదట వాడింది 1943లో. ఎనభై ఏళ్ళయినా ఆ క్రిమి దానికి ఎదురు తిరగడం నేర్వలేదు. అజిత్రోమైసిన్‌కి మాత్రం చాలా దేశాల్లో నేర్చేసింది. సూది పొడిచిన సాయంత్రం చలిజ్వరం వచ్చి, పుండు కాస్త ఎర్రబడవచ్చు. అది చచ్చిన క్రిములు చేసే గొడవ, ఒక రోజులో తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే రోగి సూది వికటించిందని ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడు.

డాక్సీసైక్లిన్ పేరు వచ్చినప్పుడల్లా మేష్టారు ఒక నిమిషం ఆగేవారు. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, 1948లో బయటికొచ్చింది. అది పుట్టిన లెడర్లీ పరిశోధనాలయానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో డోనోవన్ చూసిన పిన్నీసులకి పనిచేసే మందొకటి ఆ ఇంటి నుంచే వచ్చింది. ఆ గొలుసు మేష్టారికి ఎంతో ఇష్టం.

ఒక్క చేదు నిజం మిగిలింది. పుండంటే తెరిచిన తలుపు. హెచ్ఐవీ దాని గుండా లోపలికి రావడం తేలిక. మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో, సునీతి సోలోమన్, నిర్మల చేసిన పరీక్షల్లో. ఆ వార్త మా గదికి చేరిన వారం మేష్టారు పాత రిజిస్టర్లన్నీ ముందేసుకుని కూర్చున్నారు. పుండు మానిందని మేము సంతోషంగా పంపించినవాళ్ళ పేర్ల మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళారు. ఏమీ మాట్లాడలేదు. ఆ మర్నాటి నుంచి భార్యని తీసుకురానివాడికి చీటీ రెండోసారి రాసేవారు కాదు, అయితే తిట్టి పంపేవారూ కాదు. "ఆవిడకి కూడా నేనే చెప్తాలే, నువ్వు పక్కన కూర్చో చాలు" అనేవారు.

డాక్టర్లకి నేను చెప్పగలిగింది చెప్పాను. సభలో ఉన్న మిగతా మగవాళ్ళకి ఒక మనవి. మీలో ఎవరికైనా, మీ ఇంట్లో కుర్రాడికైనా అలాంటి పుండు కనబడితే, వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టండి. అంతకు ముందు వారంలో మింగిన బిళ్ళల అట్టలు జేబులో వేసుకోండి. దాని మీద ఏమీ పూయొద్దు. జిల్లా ఆస్పత్రిలో సురక్షా క్లినిక్ ఎక్కడో అడగడానికి సిగ్గయితే 1097కి ఫోన్ చెయ్యండి, పేరు చెప్పక్కర్లేదు. వీలైతే మర్నాడే రండి. లోపల కూర్చున్న డాక్టరు చూసీ చూడగానే జబ్బు పేరు చెప్పేస్తే, "ఎన్నో రోజో అడగరా అండీ?" అని మీరే అడగండి.